‘అనే నేను’ అనాల్సింది మీ వదినే

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పురపాలికకు మీ వదిన మొదటిసారి కౌన్సిలర్‌గా గెలిచారు. ఆమె చదువు ఏడో తరగతితో ఆగింది. ప్రమాణ స్వీకారానికి నోటీసు వచ్చింది. నలుగురి ముందు ఆ పత్రం చదవాలంటే ఆమెకు భయంగా ఉంది, మీ అన్న పక్కన కూర్చుని చదివితే కుదురుతుందా అని అడిగారు. ఆ రోజు ఏమేం జరుగుతుంది, ఏం తీసుకెళ్లాలి, గెలిచినవాళ్లను పార్టీ ఒకచోట ఉంచే క్యాంపులో తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టమంటున్నారు, పెట్టవచ్చా అన్నవి మీ మిగతా ప్రశ్నలు.

నేను 1984లో జూనియర్ అసిస్టెంటుగా చేరి 2018లో మేనేజర్‌గా రిటైరయ్యేదాకా నెల్లూరు, ప్రకాశం జిల్లాల పురపాలికల్లోనే పనిచేశాను. 1987, 1995, 2000, 2005, 2014 ఎన్నికల తర్వాత పాలకవర్గాలు కొలువుదీరిన రోజుల్లో, ఒకసారి కుర్చీలు వేయించే పనిలో, ఒకసారి సభలో జరిగింది నమోదు చేసే మినిట్స్ పుస్తకం రాసే పనిలో, ఏదో ఒక పనిలో హాల్లోనే ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు సూటిగా జవాబు. మీ అన్న చదవడానికి వీల్లేదు. పక్కన కూర్చోవడానికీ వీల్లేదు. అలాగని మీ వదిన తప్పుల్లేకుండా గడగడా చదివి తీరాలనీ లేదు. ఆమె నోటితో ఆమె చెప్పాలి, ఆమె చేత్తో ఆమె సంతకం పెట్టాలి. చదవడం కష్టమైతే సభకు అధ్యక్షత వహించే ప్రిసైడింగ్ అధికారి ముక్కముక్కగా చెబుతుంటే వెనకాలే చెప్పవచ్చు. నేను చూసిన ప్రతి సభలోనూ అట్లా చెప్పినవాళ్లు ఉన్నారు, బాగా చదువుకున్నవాళ్లతో సహా. మైకు ముందు నిలబడేసరికి డిగ్రీలు చేసిన మగవాళ్లకే గొంతు ఆరిపోవడం చూశాను.

ఈ విషయంలో నేనింత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలియాలంటే 1995 నాటి సంగతి చెప్పాలి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చాక మన రాష్ట్రంలో జరిగిన మొదటి పురపాలక ఎన్నికలవి. మూడో వంతు సీట్లు ఆడవాళ్లకని రాజ్యాంగమే చెప్పాక జరిగిన మొదటి ఎన్నికలు. ఊరి పేరు వద్దులెండి. గెలిచిన ఆడవాళ్లంతా భర్తలతోనో అన్నదమ్ములతోనో వస్తారని ముందురోజే మాకు కబురు అందింది. కుర్చీలు వేయించే పని నాది. ఒక్కో మహిళా సభ్యురాలి కుర్చీ వెనక ఇంకో కుర్చీ వేయించాను. అది తప్పని నాకప్పుడు తోచలేదు.

పేరు పిలిచారు. ఆమె లేవకముందే వెనక కుర్చీలోంచి భర్త లేచి, ఆమె చేతిలో పత్రం తీసుకుని, ఆమె పేరే చదివి, ‘అనే నేను’ అంటూ మొదలుపెట్టాడు. హాల్లో ఒక్కరికి కూడా అది వింతగా అనిపించలేదు. ఫొటోగ్రాఫర్ ఆయన వైపే కెమెరా తిప్పాడు. ఆమె తలవంచుకుని కూర్చునే ఉంది. అధ్యక్షత వహిస్తున్న అధికారి మాత్రం పెన్ను కింద పెట్టేశారు. ‘అయ్యా, ఆ పేరు మీది కాదు. ఆ నేను అన్నది మీరు కాదు. దయచేసి బయటికి వెళ్లండి’ అన్నారు. గొంతు పెంచలేదు. ఆయన కదలలేదు. అధికారి కూడా తర్వాతి పేరు పిలవలేదు. అట్లా రెండు నిమిషాలు నడిచి ఉంటుంది, మాకు గంటలా అనిపించింది. చివరికి ఆయన పత్రం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె లేచి నిలబడింది. తన పేరు చెప్పింది. ‘అనే నేను’ అంది. అక్కడ ఆగిపోయింది. మిగతాదంతా అధికారి చెబితే వెనకాలే చెప్పింది. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికి అక్షరాలు గీత దాటి కిందికి దిగాయి. ఆ తర్వాత ఎన్ని సభలకు ఏర్పాట్లు చేశానో, ఏ సభలోనూ సభ్యురాలి వెనక రెండో కుర్చీ వేయించలేదు. ఎవరైనా అడిగితే సందర్శకుల చోటు చూపించేవాణ్ణి.

మీ అన్న మంచి ఉద్దేశంతోనే అడిగి ఉంటారు. భార్య నలుగురిలో తడబడితే చూడలేక అడిగి ఉంటారు. కానీ ఒక్కటి ఆలోచించమనండి. వార్డులో జనం ఓటేసింది ఆమె పేరుకి. ఎన్నికల అధికారి ఇచ్చిన ధ్రువపత్రంలో ఉన్నది ఆమె పేరు. రేపు సంతకం తేడా వచ్చినా, తీర్మానం మీద కేసు పడినా కోర్టు బోనెక్కేది ఆమె. బాధ్యతంతా ఆమెదైనప్పుడు మొదటి మాట ఇంకొకరి నోటి నుంచి ఎట్లా వస్తుంది?

ఇక పత్రం సంగతి. మాటల్లో చిన్న తేడాలుండొచ్చు గానీ దాదాపు ఇలా ఉంటుంది: ‘ఫలానా అనే నేను, పురపాలక సభ్యురాలిగా ఎన్నికైనందున, శాసనం ద్వారా నిర్మితమైన భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని, భారతదేశ సార్వభౌమాధికారాన్ని, సమగ్రతను కాపాడతానని, నేను చేపట్టబోయే కర్తవ్యాన్ని శ్రద్ధతో నిర్వర్తిస్తానని దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.’

ఒకే వాక్యం. అదే కష్టం. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక చాలామంది మధ్యలో చిక్కుకుంటారు. ‘అనే నేను’ దగ్గర ఒకటి, ‘ఎన్నికైనందున’ దగ్గర ఒకటి, ‘చూపుతానని’, ‘కాపాడతానని’, ‘నిర్వర్తిస్తానని’ అనే మూడు చోట్లా మూడు. అక్కడ ఆగితే అర్థం చెడదు, గొంతు నిలబడుతుంది. పెన్సిల్‌తో ఆ ఐదు చోట్లా చిన్న గీత పెట్టుకోమనండి.

దేవుడి పేరు మీద వద్దనుకునేవాళ్లు ‘దైవసాక్షిగా’ బదులు సత్యనిష్ఠతో చేస్తున్నామని చెప్పవచ్చు, వాడుకలో ఆత్మసాక్షిగా అనేది అదే. ఏది చెప్పేదీ ముందే సిబ్బందికి చెబితే ఆ పత్రమే ఇస్తారు. తెలుగు రాని సభ్యులు ఇంగ్లిషులోనో ఉర్దూలోనో చేసిన సందర్భాలు నెల్లూరులో మామూలే. ఏ భాషైనా, పత్రంలో ఉన్నదే చెప్పాలి. మధ్యలో నాయకుల పేర్లు కలపకూడదు. 2019 జూన్‌లో శాసనసభలో నెల్లూరు రూరల్ శాసనసభ్యుడు తమ నాయకుడి పేరు కూడా చేర్చి ప్రమాణం చేస్తే తాత్కాలికంగా సభ నడిపే ప్రొటెం స్పీకర్ ఆయన చేత మళ్లీ చేయించారు. అభిమానం వేరే చోట చూపుకోవచ్చు. ఈ వాక్యంలో రాజ్యాంగానికి తప్ప ఇంకెవరికీ విధేయత లేదు. పార్టీకీ లేదు, ఎమ్మెల్యేకీ లేదు, ఇంటాయనకూ లేదు.

మాటల అర్థం తెలియకుండా బట్టీ పట్టించవద్దు. అర్థం తెలిస్తే నోరు దానంతటదే తిరుగుతుంది. దీనికి నాకొక సాక్ష్యం ఉంది. 2005లో నేను పనిచేసిన చోట యానాది తెగకు చెందిన ఒకామె గెలిచింది. ఏటి ఒడ్డు కాలనీ. సంతకం వరకే వచ్చు, చదవడం రాదు. ప్రమాణం ముందురోజు సాయంత్రం ఆఫీసు వరండాలోకి వచ్చి, ‘సారూ, ఆ కాయితంలో ఏముండాదో ఒకసారి చెప్పండి, రేపు తెలీకుండా ఒట్టెయ్యలేను’ అంది. ఇరవై ఏళ్ల సర్వీసులో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

కూర్చుని చెప్పాను. ‘సార్వభౌమాధికారం’ దగ్గర ఆగిపోయింది. సార్వ, భౌమ, అధికారం అని విడదీసి పలికించాను. ‘దానికి అర్థమేంది?’ అంది. మన దేశం మీద బయటివాడి పెత్తనం ఉండదు, మన నిర్ణయం మనమే చేసుకుంటాం అని నాకు తెలిసినట్టు చెప్పాను. కాసేపు ఆలోచించి, ‘అయితే రేపు నేను చెయ్యెత్తేటప్పుడు నా చెయ్యి గూడా అంతేనా?’ అంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ‘విశ్వాసం అంటే నమ్మకం, విధేయత అంటే మాట వినడం’ అంటే, ‘ఎవురి మాట?’ అంది. ‘చట్టం మాటమ్మా’ అన్నాను. ‘సమగ్రత అంటే?’ ‘ముక్కలు కాకుండా ఒకటిగా ఉండడం.’ ఆ సాయంత్రం దోమలు కుడుతున్నా చీకటి పడేదాకా అట్లా కూర్చున్నాం. మర్నాడు ఆమె పత్రం చేతిలో పట్టుకుంది గానీ చూడలేదు. అధికారి చెప్పినంతా చెప్పి, ‘సార్వభౌమాధికారాన్ని’ దగ్గర ఆయనకంటే ముందే తనే అనేసింది. హాల్లో చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వలేదు, మిగతాది కూడా పూర్తిచేసి సంతకం పెట్టాకే నవ్వింది.

నెల్లూరు వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో కోరిక కోరి రొట్టె పట్టుకున్నవాళ్లు, అది తీరితే మరుసటి ఏడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. తీసుకున్నది తిరిగి ఇవ్వాలి. ఆమె కూడా ప్రమాణాన్ని అట్లాగే చూసింది.

ఆ రోజు జరిగే పద్ధతి చెబుతాను. పురపాలికలకు 1965 నాటి మున్సిపాలిటీల చట్టం, నెల్లూరు, ఒంగోలు లాంటి నగరాలకు 1955 నాటి కార్పొరేషన్ల చట్టం. చట్టాలు రెండైనా ఆ రోజు తంతు ఇంచుమించు ఒకటే. మొదటి సమావేశాన్ని ప్రత్యేక సమావేశం అంటారు. కలెక్టర్ గానీ ఆయన నియమించిన అధికారి గానీ అధ్యక్షత వహిస్తారు. పాత చైర్మన్‌కూ మాజీలకూ అందులో పాత్ర లేదు. సాధారణంగా ఉదయం 11 గంటలకు మొదలవుతుంది. ముందు ప్రమాణాలు, ఆ తర్వాత చైర్‌పర్సన్ ఎన్నిక, దాని తర్వాత వైస్ చైర్‌పర్సన్. ఆ రోజు వేరే అజెండా ఏదీ ఉండదు. ఎవరైనా ఆ హడావిడిలో ఏదో బిల్లు మీద, ఏదో పని మంజూరు మీద సంతకం అడిగితే అది పద్ధతి కాదు.

తీసుకెళ్లాల్సినవి తక్కువే. గెలిచినట్టు ఎన్నికల అధికారి ఇచ్చిన ధ్రువపత్రం, సమావేశం నోటీసు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు, చదివే కళ్లద్దాలుంటే అవి, సొంత పెన్ను. ఆ రోజు ఆఫీసు చుట్టూ గుంపులు చేరకుండా నిషేధాజ్ఞలు (పాత 144వ సెక్షన్, 2024 జూలై నుంచి 163) పెట్టడం మామూలు, అందుకని గేటు దగ్గర పోలీసులు సభ్యుల్ని తప్ప ఎవర్నీ లోపలికి రానివ్వకపోవచ్చు. అత్తమామల్నీ పిల్లల్నీ వెంటేసుకుని వెళ్లి గేటు దగ్గర గొడవపడటం కంటే, బయటికొచ్చాక ఫొటోలు దిగడం మేలు. కనీసం అరగంట ముందు లోపల ఉండమనండి. హాజరు రిజిస్టర్‌లో సంతకం పెట్టి, తన పేరు, ఇంటిపేరు, వార్డు నంబరు పత్రంలో సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటి ఇంటిపేరు ఒకచోట ఉండి తర్వాత తిప్పలుపడ్డ ఆడవాళ్లు నాకు తెలుసు. ధ్రువపత్రంలో ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి.

ప్రమాణం చేయనిదే చైర్‌పర్సన్ ఎన్నికలో చెయ్యెత్తే హక్కు రాదు. పత్రంలో ‘చేపట్టబోయే’ అన్న మాట అందుకే. గెలిచిన రోజు నుంచి జనం కౌన్సిలర్ అని పిలుస్తారు, కానీ చట్టం దృష్టిలో ఆ కుర్చీ పని మొదలయ్యేది ఆ సంతకంతో. ఒంట్లో బాగాలేకనో, కాన్పయ్యో ఆ రోజు రాలేకపోతే సభ్యత్వం అప్పటికప్పుడు పోదు. తర్వాత ప్రమాణం చేసే వీలుంటుంది, కానీ ఆలస్యం చేయకుండా కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటిమాట చాలదు.

సగం మంది సభ్యులైనా వస్తేనే చైర్‌పర్సన్ ఎన్నిక జరుగుతుంది. ఒకరు ప్రతిపాదిస్తారు, ఒకరు బలపరుస్తారు, పోటీ ఉంటే చేతులెత్తడమే. రహస్య ఓటు కాదు. సమానంగా వస్తే చీటీ తీస్తారు. స్థానిక ఎమ్మెల్యే, ఎంపీలు తమ పదవి రీత్యా ఎక్స్ అఫిషియో సభ్యులుగా వచ్చి ఓటేస్తారు. చిన్న పురపాలికల్లో ఆ ఒకటి రెండు ఓట్లే తేల్చేస్తాయి. 2021 నవంబర్‌లో కొండపల్లిలో ఒక ఎక్స్ అఫిషియో ఓటు మీదే వివాదం వచ్చి సమావేశం వాయిదాపడి, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. కో ఆప్షన్ సభ్యుల సంగతి వేరు. వాళ్లను పాలకవర్గమే తర్వాత ఎన్నుకుంటుంది, వాళ్లకు మాట్లాడే హక్కుంది గానీ ఓటు లేదు.

ఇక్కడ విప్ సంగతి కూడా చెప్పాలి. గుర్తింపు పొందిన పార్టీ గుర్తు మీద గెలిచి ఉంటే, ఫలానావారికి చెయ్యెత్తమని పార్టీ రాతపూర్వకంగా ఇచ్చే ఆదేశమది. ధిక్కరిస్తే వేసిన ఓటు చెల్లుతుంది గానీ సభ్యత్వం పోతుంది. అందుకని విప్ కాగితం ఇచ్చినప్పుడు అందినట్టు సంతకం అడగడం సరైనదే, పెట్టవచ్చు. ఏ తేదీ ఉంది, ఎవరి పేరుంది, ఏ పదవికి అన్నది చదివి పెట్టాలి.

తెల్లకాగితం మాత్రం వద్దు. ఎవరు అడిగినా వద్దు. ఈ మాట నేను బతిమాలుతున్నట్టే తీసుకోండి. మన వైపు ఫలితాలు వచ్చిన సాయంత్రమే కౌన్సిలర్లను బస్సెక్కించి చెన్నై వైపో, పుదుచ్చేరికో, హైదరాబాదుకో తీసుకెళ్లి, ప్రమాణం రోజు పొద్దున నేరుగా ఆఫీసు గేటు దగ్గర దించడం ఏళ్లుగా నడుస్తోంది. ఫోన్లు తీసేసుకుంటారు. ఆడవాళ్లకు తోడు భర్తను పంపుతారు గనక అక్కడ మాట్లాడేదీ ఆయనే. ఆ నాలుగు రోజుల్లో ‘ఊరికే, ఫార్మాలిటీకి’ అని ఖాళీ కాగితాల మీద సంతకాలు తీసుకుంటారు. ఆ కాగితం మీద రేపు రాజీనామా రాయవచ్చు, అప్పు పత్రం రాయవచ్చు, ఇంకొకరి మీద ఫిర్యాదు రాయవచ్చు. ఒకచోట ఇట్లాంటి కాగితం పట్టుకుని ఒక సభ్యురాలిని మూడేళ్లు నోరెత్తనివ్వలేదు. ఆమె మంచి మనిషి, వార్డులో ప్రతి గడపా తెలిసిన మనిషి. సమావేశానికి వచ్చి మూల కుర్చీలో కూర్చుని వెళ్లిపోయేది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కడుపు రగులుతుంది.

మీ వదిన ఇప్పటికే సంతకం పెట్టి ఉంటే భయపడి దాచుకోవద్దు. ఏ రోజు, ఎవరు, ఎన్ని కాగితాల మీద తీసుకున్నారో రాసుకుని, తెలిసిన వకీలుకు చూపించి, ఆ సంగతి రాతలో ఉండేట్టు చేయండి. ఇంకా పెట్టకపోతే, ‘రాసి తీసుకురండి, చదివి పెడతాను’ అన్న ఒక్క మాట చాలు. ఆ మాటతో ఎవరూ ఆమెను పార్టీ ద్రోహి అనలేరు.

మీరు అడగలేదు గానీ, చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ రోజుకున్న విలువ దండలూ శాలువాలూ కాదు. రాజ్యాంగం 243యూ అధికరణం ప్రకారం పాలకవర్గం గడువు మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి ఐదేళ్లు. ఓట్లేసిన రోజు నుంచి కాదు, ఫలితాల రోజు నుంచీ కాదు. 2014లో మార్చి 30న పోలింగ్ జరిగింది, మే 12న లెక్కించారు, జూలై 3న గానీ కొలువుదీరలేదు. గెలిచినవాళ్లు నెలన్నర పైనే చేతులు కట్టుకుని కూర్చున్నారు. గడియారం మాత్రం జూలై 3నే మొదలైంది. ఒంగోలు పాలకవర్గం 2021 మార్చి 18న, నెల్లూరుది అదే ఏడు నవంబర్ 22న కొలువుదీరాయి. రెండూ ఒకే ఏడాది ఎన్నికలే అయినా ఒకదాని గడువు 2026 మార్చి 17కి, రెండోదాని గడువు నవంబర్ 21కి లెక్కకు రావడం అందువల్లే.

ఒంగోలు పేరెత్తాను గనక ఇంకో మాట. 1876 నాటి మున్సిపాలిటీ అది. 2012 జనవరిలో కార్పొరేషన్ అయింది. కార్పొరేషన్ అయ్యాక మొదటి ఎన్నిక 2021లో. అంటే తొమ్మిదేళ్లకు పైగా ఆ నగరంలో ‘అనే నేను’ అన్న మాటే వినపడలేదు. ప్రత్యేకాధికారులు నడిపారు. వాళ్లలో మంచి అధికారులు లేరని కాదు. కానీ మంచినీళ్ల ట్యాంకర్ రాలేదని పొద్దున్నే తలుపు తట్టడానికి వీధిలో ఒక మనిషి లేకపోవడం ఏమిటో అక్కడివాళ్లకు తెలుసు. నెల్లూరు పురపాలిక 1866లో పుట్టినప్పుడు కూడా అధికారులూ, వాళ్లు నామినేట్ చేసిన పెద్దమనుషులే నడిపేవాళ్లు. యానాది కాలనీ ఆడమనిషి లేచి నిలబడి ‘అనే నేను’ అనే రోజు రావడానికి దాదాపు నూట నలభై ఏళ్లు పట్టింది. మీ జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారు కూడా ముఖ్యమంత్రి కావడానికి ఎన్నో ఏళ్ల ముందు రాజమండ్రి మున్సిపల్ చైర్మన్‌గా పనిచేసినవారే. మున్సిపాలిటీ పని చిన్నదని ఎవరన్నా అంటే ఈ సంగతి చెప్పండి.

ప్రమాణం అయ్యాక ఏమిటన్నది క్లుప్తంగా చెబుతాను. ఎన్నికల ఖర్చుల లెక్క ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోపు ఇవ్వాలి. గెలిచిన సంబరంలో దీన్ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ, లెక్క ఇవ్వకపోతే అనర్హత దాకా పోతుంది. సాధారణ సమావేశం నెలకొకటి ఉంటుంది. వరసగా మానేస్తే సభ్యత్వానికే ముప్పు. అజెండా ముందే ఇంటికి వస్తుంది. అది చదవడమే అసలు పని. అర్థం కాని అంశం ఉంటే ఆఫీసుకు వెళ్లి ఫైలు చూపించమని అడిగే హక్కు ఆమెకుంది. సమావేశం రోజు అప్పటికప్పుడు బల్ల మీద పెట్టే టేబుల్ అజెండా దగ్గర మరింత జాగ్రత్త. ఇబ్బందికరమైన అంశాలు అందులోనే వస్తుంటాయి. చదివి వినిపించమని అడగాలి, నచ్చకపోతే తన అసమ్మతిని మినిట్స్‌లో రాయమనాలి. రాశారో లేదో వచ్చే నెల మినిట్స్ ఖరారు చేసేటప్పుడు చూసుకోవాలి.

అప్పుడు చెప్పిన యానాది ఆమె అక్షరాలు రాకపోయినా ఇదంతా చేసింది. అజెండా రాగానే ఎనిమిదో తరగతి చదివే కూతురు చేత చదివించుకునేది. ప్రతి అంశానికీ కాగితం అంచున కూతురు చేత ఒక గుర్తు పెట్టించుకునేది. ఒప్పుకునేదానికి టిక్కు, అడగాల్సినదానికి చుక్క. చుక్క పెట్టిన ప్రతిదాని మీదా లేచి, ‘ఇది మా ఈదికి ఎప్పుడొస్తది?’ అని అడిగేది. ఒకసారి ఎండాకాలంలో ట్యాంకర్ల బిల్లు మంజూరుకు వచ్చింది. ఎన్ని ట్రిప్పులని రాశారో కూతురు చదివింది. తన కాలనీకి రాసిన ట్రిప్పులకూ వచ్చినవాటికీ పొంతన లేదు. కాలనీ ఆడవాళ్లు బిందెలు పెట్టుకున్న రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టి చెబితే హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఆ బిల్లు వాయిదా పడింది, మళ్లీ వచ్చినప్పుడు తగ్గి వచ్చింది.

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఆ లెక్క ఇంకా అవసరం. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు ఫ్లోరైడ్ నీళ్లతో తరతరాలుగా పళ్లూ ఎముకలూ పోగొట్టుకుంటున్న జనం గురించి నేను మీకు చెప్పనక్కర్లేదు. సాగర్ కాలువ నీళ్లు చెరువుకు ఎప్పుడొస్తాయి, ట్యాంకర్ ఏ వీధికి ఎన్ని రోజులకొకసారి పోతుంది అన్నవి బిందె మోసేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. మీ వదిన ఏడో తరగతే చదివారని మీరు సిగ్గుపడుతూ రాశారు. వీధి కుళాయి దగ్గర ఆమె నిలబడ్డ ఏళ్లు కూడా చదువు కిందే లెక్కవేయండి.

ఇప్పుడు చేయాల్సింది ఇది. రేపు ఆఫీసు వేళల్లో మీ వదిననే వెళ్లి ప్రమాణ పత్రం నకలు అడగమనండి. మేనేజర్ గానీ సీనియర్ అసిస్టెంటు గానీ ఇస్తారు, ఇవ్వనని ఎవరూ అనరు. దాన్ని పెద్ద అక్షరాలతో ఒక తెల్లకాగితం మీద రాసుకుని, నేను చెప్పిన ఐదు చోట్లా గీతలు పెట్టుకోమనండి. మూడు రోజులు, పూటకు రెండుసార్లు, నిలబడి, గట్టిగా చదవాలి. కూర్చుని మనసులో చదివితే ఆ రోజు పనికిరాదు. ఎదురుగా మీ అన్నను కూర్చోబెట్టి వినమనండి. ఆయన చేయగలిగిన సాయం అదే, అది చిన్న సాయం కాదు. ‘సార్వభౌమాధికారాన్ని’ దగ్గర తడబడితే పక్కనుంచి అందించొద్దు, ఆమె మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేదాకా ఆగమనండి.